గంటకు పాతిక మిల్లీలీటర్లు: ఐసీయూలో కిడ్నీల లెక్క ఎక్కడ తప్పుతోంది

తిరుపతిలోనో చిత్తూరులోనో ఐసీయూలో ఉన్న మనిషికి "కిడ్నీల మీద ఎఫెక్ట్ వచ్చింది" అని డాక్టరు చెప్పగానే బయట కూర్చున్న బంధువులు అడిగే మొదటి మాట, "ఇక్కడ డయాలసిస్ ఉందా?" అని. ఆస్పత్రుల బోర్డులు కూడా ఆ ప్రశ్నకే జవాబు రాసి పెట్టుకుంటాయి: ఇన్ని మెషిన్లు, 24 గంటలూ సేవలు. మెషిన్లు అక్కర్లేదని ఎవరూ అనరు. అయితే ఐసీయూ రోగి కిడ్నీల గతి చాలావరకు మెషిన్ దాకా పోకముందు రెండు రోజుల్లో, మెషిన్ నుంచి బయటపడ్డాక మూడు నెలల్లో తేలుతుంది. ఆ రెండు చోట్లా మనం లెక్క రాయడం లేదు. రాసినా చదవడం లేదు. ఈ వ్యాసంలో నా వాదన అంతే. వివరాలే కాస్త ఎక్కువ.

ముందు "పెరుగుతోంది" అన్న మాట సంగతి చూద్దాం. ఐసీయూల్లో కిడ్నీ దెబ్బ, అంటే ఏకేఐ (అక్యూట్ కిడ్నీ ఇంజరీ), ఏటేటా పెరుగుతోందని సదస్సుల్లో స్లైడు వేస్తారు. 2005లో వచ్చిన బెస్ట్ కిడ్నీ అధ్యయనం 23 దేశాల్లో 29 వేల మందికి పైగా ఐసీయూ రోగులను చూసి, తీవ్రమైన కిడ్నీ వైఫల్యం 5.7 శాతం మందిలో ఉందని చెప్పింది. వాళ్ళలో 60 శాతం మంది ఆస్పత్రిలోనే చనిపోయారు. పదేళ్ళకు, 2015లో వచ్చిన ఏకేఐ-ఎపీ అధ్యయనంలో ఆ సంఖ్య 57.3 శాతం. పదేళ్ళలో జబ్బు పదింతలైందా? కాలేదు. మొదటి అధ్యయనంలో లెక్కలోకి రావాలంటే 12 గంటల్లో 200 మి.లీ. కన్నా తక్కువ మూత్రం రావాలి, లేదా బీయూఎన్ (రక్తంలో పేరుకునే యూరియా నైట్రోజన్) 84 దాటాలి. రెండో దాంట్లో కేడీగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ 2012లో ఇచ్చిన నిర్వచనం వాడారు: క్రియాటినిన్ (కండల నుంచి వచ్చి కిడ్నీ బయటికి పంపే వ్యర్థం) 48 గంటల్లో 0.3 పెరిగినా చాలు, ఏడు రోజుల్లో ఒకటిన్నర రెట్లయినా చాలు, ఆరు గంటలపాటు మూత్రం కిలోకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తగ్గినా చాలు. పెద్ద కన్నాల వల తీసేసి దోమతెర వేస్తే చిన్న చేపలూ పడతాయి.

నిర్వచనం మారితే మరణాల శాతం కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. వంద మంది ఐసీయూ రోగుల్లో పాత లెక్క ప్రకారం పది మందికి కిడ్నీ పోయింది, ఆరుగురు చనిపోయారు అనుకుందాం. మరణాలు 60 శాతం. కొత్త లెక్కలో ఇంకో నలభై మంది తేలిక కేసులు వచ్చి చేరారు, వాళ్ళలో నలుగురు పోయారు. ఇప్పుడు యాభైలో పది, 20 శాతం. ఒక్క ప్రాణమూ అదనంగా నిలబడలేదు, గ్రాఫు మాత్రం కిందికి దిగింది. ఏ ఆస్పత్రి అయినా "మా దగ్గర ఏకేఐ మరణాలు తగ్గాయి" అంటే మొదట అడగాల్సింది, ఏ స్టేజీలో తగ్గాయి అని (తేలిక దెబ్బ స్టేజీ 1, అన్నిటికన్నా తీవ్రమైనది స్టేజీ 3). స్టేజీ 3 రోగుల సంఖ్యనూ మరణాలనూ విడిగా చూపించని లెక్కకు విలువ ఇవ్వక్కర్లేదు.

అలాగని పెరుగుదలంతా కాగితం మీదిదే అనడమూ తప్పే. అమెరికాలో డయాలసిస్ దాకా వెళ్ళిన ఏకేఐ 2000 నుంచి 2009 మధ్య ఏటా సుమారు 10 శాతం చొప్పున పెరిగింది. డయాలసిస్ చేశారా లేదా అన్నదానికి నిర్వచనంతో పని తక్కువ. షుగరు, బీపీ ముదిరిన పెద్ద వయసువాళ్ళకు పెద్ద పెద్ద ఆపరేషన్లు చేస్తున్నాం. సెప్సిస్‌తో (ఒళ్ళంతా దెబ్బతీసే ఇన్ఫెక్షన్‌తో) మొదటి రోజే పోవాల్సినవాళ్ళు వారం నిలబడుతున్నారు. ఆ వారంలో కిడ్నీ దెబ్బతింటోంది.

మన దేశంలో ఇంకో మార్పు ఉంది. ఒకప్పుడు ఈ జబ్బుకు పెద్ద కారణాలు వాంతులు విరేచనాలు, మలేరియా, మొరటు గర్భస్రావాలు, కాన్పులో రక్తస్రావం. ఓఆర్‌ఎస్ పొట్లం, 1971 నాటి గర్భస్రావ చట్టం, ఆస్పత్రి కాన్పులు వాటిని బాగా తగ్గించాయి. ఆ ఖాళీలోకి సెప్సిస్, మందులు, సర్జరీలు వచ్చాయి. తమాషా ఏమిటంటే తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పాతవి పూర్తిగా పోలేదు, కొత్తవి వచ్చి కూర్చున్నాయి. ఒకే వార్డులో ఈ మంచం మీద చెరకు తోటలో రక్తపింజరి కాటేసిన రైతు, ఆ మంచం మీద బైపాస్ అయిన రిటైర్డు టీచరు ఉంటారు. పెద్ద నగరాల ఐసీయూ ప్రోటోకాల్ తెచ్చి గోడకు అతికిస్తే రెండోవాడికి సరిపోతుంది, మొదటివాడికి సరిపోదు.

మొదటివాడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కిడ్నీ గొట్టాలను నేరుగా దెబ్బతీస్తుంది. దీనికి పరీక్ష పైసా ఖర్చు లేనిది: శుభ్రమైన, పొడి గాజు టెస్ట్ ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడడం. గడ్డకట్టకుండా కారితే యాంటీవెనమ్ మొదలు. మొదటి విడత 8 నుంచి 10 వయల్స్ (మందు సీసాలు). ఆరు గంటలకు మళ్ళీ అదే పరీక్ష. ఇక్కడ తప్పేది మూడు చోట్ల. ప్లాస్టిక్ ట్యూబు వాడితే రక్తం గడ్డకట్టడం ఆలస్యమై తప్పుడు ఫలితం వస్తుంది. డిటర్జెంటుతో కడిగిన గాజు ట్యూబుకీ అదే దోషం. మూడోది, నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడవడం. రక్తం గడ్డకట్టనివాడికి కండలోకి సూది, దెబ్బతిన్న కిడ్నీకి పెయిన్‌కిల్లర్: రెండు తప్పులూ ఒకే సిరింజిలో. నొప్పికి పారాసిటమాల్, చాలకపోతే ట్రామడాల్. ఇంకో మాట: యాంటీవెనమ్ అప్పటికే చెడిన కిడ్నీని బాగుచేయదు. ఇంకా చెడకుండా ఆపుతుంది. అందుకే నాటువైద్యం పసరు కోసం పోయిన మూడు నాలుగు గంటలే డయాలసిస్‌కు దారి.

వానలు పడ్డాక, చలికాలం దాకా, జ్వరంతో వచ్చి కిడ్నీ, కాలేయం, ఊపిరితిత్తులు మూడూ దెబ్బతిన్న మనిషిని చూస్తే స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) గుర్తుకు రావాలి. చంక, గజ్జ, రొమ్ముల కింద, నడుము పట్టీ దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు ఉందేమో బట్టలు తీసి వెతకాలి. ఐసీయూలో దుప్పటి కప్పే చూసి "లేదు" అని రాస్తారు. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాలి. వేలూరు సీఎంసీ ముందుండి నడిపిన ట్రయల్ 2023లో తేల్చింది: తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో రక్తనాళం ద్వారా డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే ఏ ఒక్కటి ఇచ్చినదానికన్నా మేలు. మన పక్క ఊరి పని ఇది. రెండూ చౌకే. మెరోపెనమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్ మొదలుపెట్టి డాక్సీసైక్లిన్ మరిచిపోయిన కేసు షీటుకన్నా బాధపెట్టేది ఉండదు.

జుట్టు రంగు తాగిన కేసులు రాయలసీమ వైద్యులకు కొత్త కాదు. అందులోని పీపీడీ అనే రసాయనం మొదట మెడా నాలుకా వాచేలా చేసి ఊపిరి ఆపుతుంది, తర్వాత కండరాలను కరిగిస్తుంది, ఆ పిప్పి కిడ్నీ గొట్టాల్లో అడ్డుపడుతుంది. మూత్రం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. డిప్‌స్టిక్‌లో రక్తం పాజిటివ్, మైక్రోస్కోపు కింద ఎర్ర కణాలు లేవు అంటే మయోగ్లోబిన్ (కరిగిన కండరం ప్రోటీన్) అని అర్థం. సీపీకే (కండరాల దెబ్బ చెప్పే రక్తపరీక్ష) పంపాలి. గొంతు గండం గడిచిందని సంబరపడి ఒకటి రెండు రోజులు మూత్రం చూడకపోతే మూడో రోజు పొటాషియం చంపుతుంది.

ఇక అసలు విషయానికి, మూత్రం లెక్కకు వస్తాను. మన దగ్గర సగటు రోగి 50 కిలోలు అనుకుందాం. కిలోకు గంటకు అర మిల్లీలీటరు అంటే గంటకు 25 మి.లీ. ఆరు గంటలకు 150 కన్నా తగ్గితే స్టేజీ 1. పన్నెండు గంటలకు 300 కన్నా తగ్గితే స్టేజీ 2. ఇరవై నాలుగు గంటలకు 360 కన్నా తగ్గితే, లేదా 12 గంటలు చుక్క రాకపోతే స్టేజీ 3. పాత పుస్తకాల్లో రోజుకు 400 మి.లీ. దాటితే పరవాలేదని ఉండేది. అదే తలలో ఉన్న డాక్టరు రోజుకు 500 వచ్చిన మనిషిని చూసి "యూరిన్ వస్తోంది" అంటాడు. అది గంటకు 21 మి.లీ. కూడా కాదు. స్టేజీ 2 కళ్ళ ముందు కూర్చుని ఉంది.

ఇప్పుడు మంచానికి వేలాడే యూరిన్ బ్యాగు చూడండి. రెండు లీటర్ల బ్యాగు, గీతలు 100 మి.లీ. చొప్పున ఉంటాయి. అందులో 25 మి.లీ. తేడా ఎవరికి కనిపిస్తుంది? బ్యాగు కాస్త వంగితే 50 అటూ ఇటూ. అందుకే చార్టులో ఆరు గంటలకు 200, మళ్ళీ ఆరు గంటలకు 200 అని గుండు అంకెలు వరసగా కనిపిస్తాయి. అవి కొలిచినవి కావు, కళ్ళతో అంచనా వేసినవి. దీనికి చిన్న గదులు, సన్న గీతలున్న యూరోమీటర్ బ్యాగు వాడాలి. అది కొనే స్థోమత లేకపోతే గంటగంటకూ కింది కుళాయి తిప్పి కొలత జాడీలోకి దించి రాయాలి. జాడీ ఒక్కో రోగికి విడిగా ఉండాలి. ఒకే జాడీ నాలుగు మంచాలకు తిప్పితే మూత్రంతోబాటు మందులకు లొంగని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా కూడా నాలుగు మంచాలకు తిరుగుతుంది.

మూత్రం తగ్గింది అనగానే లాసిక్స్ (మూత్రం పెంచే మందు) తీయకముందు చేయాల్సిన చిల్లర పనులు ఉన్నాయి. గొట్టం మంచం రెయిలింగ్ కింద నలిగిందా, బ్యాగు మూత్రాశయం కన్నా పైకి పెట్టారా (స్కానింగ్‌కు తీసుకెళ్ళి తెచ్చాక ఎక్కువగా జరిగేది ఇదే), గొట్టం మధ్యలో కిందికి వేలాడి అందులో మూత్రం నిలిచిపోయిందా చూడాలి. తర్వాత శుభ్రమైన పద్ధతిలో 20, 30 మి.లీ. సెలైన్‌తో ఫోలీని (మూత్రం గొట్టాన్ని) ఫ్లష్ చేయాలి. అప్పుడు అల్ట్రాసౌండ్ ప్రోబు పెట్టి మూత్రాశయం నిండుగా ఉందా, కిడ్నీలు ఉబ్బి ఉన్నాయా చూడాలి. పదినిమిషాల పని. ఇది చేయకపోవడం వల్ల ప్రోస్టేటు అడ్డుపడిన ముసలాయనకు డయాలసిస్ లైను వేయడం వింత సంగతేమీ కాదు.

బరువు ఇంకో గొడవ. చార్టులో "60 కేజీ" అని ఉంటుంది, ఎవరూ తూచి ఉండరు. మంచం తూకం లేకపోతే బంధువులను అడిగి సులువుగా చెప్పించుకోవచ్చు, లేదా ఎత్తు కొలిచి ఆదర్శ బరువు వేసుకోవచ్చు. స్థూలకాయులకు అసలు బరువుతో లెక్కేస్తే లేని ఏకేఐ ఉన్నట్టు కనిపిస్తుంది.

గంటగంటకూ రాయడం నిజంగా మేలు చేస్తుందా అని అడగడం న్యాయమే. పిట్స్‌బర్గ్‌లో వేలమంది ఐసీయూ రోగుల రికార్డులు తిరగేసిన అధ్యయనం 2017లో వచ్చింది. మూత్రాన్ని దగ్గరగా గమనించినచోట ఏకేఐ ఎక్కువగా బయటపడింది, ఏకేఐ ఉన్నవాళ్ళలో ఒంట్లో నీరు పేరుకోవడం తగ్గింది, బతికినవాళ్ళు ఎక్కువ. ఇది పరిశీలన మాత్రమే, ట్రయల్ కాదు. మంచి నర్సింగ్ ఉన్నచోట అన్నీ బాగుంటాయనే వివరణా ఉంది. ఉండనివ్వండి. మంచి నర్సింగ్ కావాలనే కదా నా గోల కూడా.

అయితే మూత్రం ఒక్కటే చూసుకుని కూర్చున్నా మునుగుతాం. ఎలుక జ్వరంలో, అమికాసిన్, కోలిస్టిన్ లాంటి యాంటీబయాటిక్స్ దెబ్బలో మూత్రం ధారగా వస్తూనే కిడ్నీ పోతుంది. ఎలుక జ్వరంలోనైతే పొటాషియం కూడా తక్కువగా ఉండి మోసం చేస్తుంది. షుగరు 400 ఉన్న రోగికి ఆ చక్కెరే నీళ్ళు లాగి బ్యాగు నింపుతుంది. అందుకే క్రియాటినిన్ కావాలి. దానికి ఉన్న జబ్బులు దానికున్నాయి.

మొదటి జబ్బు, అది ఆలస్యంగా వస్తుంది. కిడ్నీలు రెండూ పూర్తిగా ఆగిపోయినా క్రియాటినిన్ రోజుకు సుమారు 1 నుంచి 1.5 మి.గ్రా. పెరుగుతుంది. కండ తక్కువ ఉన్నవాళ్ళలో ఇంకా నెమ్మది. రాత్రి పన్నెండుకు కిడ్నీ ఆగితే పొద్దున ఆరు గంటల శాంపిల్‌లో 0.3 తేడా కనిపిస్తే గొప్ప. రెండోది, "నార్మల్" అన్న ముద్ర. పలమనేరు వైపు నుంచి వచ్చిన 42 కిలోల ముసలమ్మ అసలు క్రియాటినిన్ 0.5 ఉంటుంది. సెప్సిస్‌తో చేరినప్పుడు 1.0 వస్తే ల్యాబు కాగితం మీద ఎర్రగీత పడదు. కానీ అది రెట్టింపు, స్టేజీ 2. ఆమెకు పాత రిపోర్టు లేకపోతే మామూలు వడపోతను నిమిషానికి 75 మి.లీ. అనుకుని వెనక్కి లెక్కేసే పద్ధతి ఉంది గానీ, కండలేని మనుషుల్లో అది అసలుకన్నా ఎక్కువ క్రియాటినిన్‌ను మామూలుగా చూపిస్తుంది. అప్పుడు ఉన్న జబ్బు లేదని తేలుతుంది. బంధువుల సెల్‌ఫోనులో, కంటి ఆపరేషన్ ఫైలులో, షుగరు క్యాంపు చీటీలో పాత రిపోర్టు దొరుకుతుంది. అడగాలి, అంతే.

మూడోది ఇంకా మెత్తగా మోసం చేస్తుంది. సెలైన్ ఎక్కించిన కొద్దీ క్రియాటినిన్ పలచబడుతుంది. 50 కిలోల మనిషిలో నీరు సుమారు 30 లీటర్లు. మూడు రోజుల్లో ఆరు లీటర్లు అదనంగా చేరితే రిపోర్టులోని అంకెను 1.2తో గుణించి చూడాలి. 1.5 అని వచ్చింది నిజానికి 1.8. నాలుగోది ల్యాబులు మారడం. ఉదయం మన ల్యాబు, రాత్రి బయటి ల్యాబు. ఒకరు జాఫే పద్ధతి, ఒకరు ఎంజైము పద్ధతి. జాఫేకు కామెర్లున్నా, కీటోన్లున్నా అంకె తప్పుతుంది. 0.3 తేడాతో నిర్ణయాలు తీసుకునే చోట శాంపిల్ ఒకే యంత్రానికి పోవాలి.

ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తేనే పని. 2015లో 32 వేల మందికి పైగా రోగులను చూసిన అధ్యయనంలో మూత్రమూ తగ్గి, క్రియాటినిన్ కూడా పెరిగినవాళ్ళు, ఏదో ఒకటే చెడినవాళ్ళకన్నా చాలా ఎక్కువగా చనిపోయారు.

సరే, లెక్క తప్పిందని తెలిసింది. ఏం చేయాలి? మన దగ్గర రిఫ్లెక్సు ఒక్కటే: బాటిల్ ఎక్కించు. సెప్సిస్‌లో మొదటి మూడు గంటల్లో కిలోకు 30 మి.లీ. అంటే 50 కిలోలకు 1500, మూడు అర లీటరు బాటిళ్ళు. అక్కడ ఆగి, కాళ్ళు ఎత్తిపట్టి చూడడమో ఎకో ప్రోబు పెట్టడమో చేసి, నాలుగో బాటిల్‌కు గుండె స్పందిస్తుందా అని అడగాలి. స్పందించకపోతే నార్‌అడ్రినలిన్ (బీపీ లేపే మందు) పెంచి సగటు రక్తపీడనం 65 దగ్గర నిలపాలి. చాలాకాలంగా బీపీ ఉన్నవాళ్ళకు కాస్త ఎక్కువ మేలు. 2014 నాటి సెప్సిస్‌పామ్ ట్రయల్‌లో 80-85 దగ్గర ఉంచినప్పుడు మొత్తం మరణాలు తగ్గలేదు గానీ, పాత బీపీ రోగుల్లో డయాలసిస్ అవసరం తగ్గింది.

బాటిల్ ఆపామనుకున్నాక కూడా నీళ్ళు పోతూనే ఉంటాయి. పైపెరాసిలిన్ రోజుకు నాలుగుసార్లు వందేసి మి.లీ.లో, మెట్రోనిడజోల్ మూడు వందలు, పారాసిటమాల్ నాలుగు వందలు, అప్పటికే 1100. దాని మీద పాంటాప్ డ్రిప్పు, లైన్ల ఫ్లష్‌లు, ముక్కు గొట్టంలో పోసేది. ఇవన్నీ "ఇన్‌టేక్" గడిలో పడుతున్నాయా? పడకపోతే చార్టు అబద్ధం. లోపలికి పోయినదీ బయటికి వచ్చినదీ తేడా, చేరినప్పటి బరువులో పది శాతం, అంటే 50 కిలోలకు 5 లీటర్లు దాటితే మరణాలు పెరుగుతాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. వాచిన కిడ్నీ తన పొరలోపల తానే నలుగుతుంది, వడపోత ఇంకా తగ్గుతుంది, ఆ తగ్గుదల చూసి ఇంకో బాటిల్ పెడతారు.

"పొటాషియం ఉంది కాబట్టి కిడ్నీ రోగికి ఆర్‌ఎల్ పెట్టకూడదు" అన్న మాట ఇంకా వినిపిస్తోంది (ఆర్‌ఎల్ అంటే రింగర్ లాక్టేట్ ద్రావణం). లీటరు ఆర్‌ఎల్‌లో పొటాషియం 4 మిల్లీమోల్స్, మన రక్తంలో ఉన్నంతే. నార్మల్ సెలైన్‌లో క్లోరైడ్ 154, రక్తంలో ఉండేది వంద పైచిలుకు. ఎక్కువైన క్లోరైడ్ రక్తంలో ఆమ్లత్వం పెంచుతుంది, ఆ ఆమ్లత్వం వల్లే కణాల్లోని పొటాషియం బయటికి వస్తుంది. 2018 నాటి స్మార్ట్ ట్రయల్ ఆర్‌ఎల్ లాంటి ద్రావణాల వైపు స్వల్పంగా మొగ్గింది: 30 రోజుల్లో మరణం, డయాలసిస్, కిడ్నీ కోలుకోకపోవడం అన్నీ కలిపి 14.3 శాతం, సెలైన్‌లో 15.4. తర్వాతి బేసిక్స్, ప్లస్ ట్రయల్స్‌లో తేడా కనిపించలేదు. కాబట్టి ఆర్‌ఎల్ అమృతం కాదు, విషం అసలే కాదు. తల గాయం లేని రోగికి నేనైతే ఆర్‌ఎల్‌కే ఓటేస్తాను.

మందుల్లో మన ప్రాంతపు ప్రత్యేక శత్రువు ఐసీయూలోకి రాకముందే పని మొదలుపెడుతుంది: బీపీకి టెల్మిసార్టాన్, కాళ్ళ వాపుకు నీటిమాత్ర, మోకాళ్ళ నొప్పికి మందుల షాపువాడిచ్చిన ఎసిక్లోఫెనాక్. ఈ మూడూ వేసుకుంటూ రెండు రోజులు విరేచనాలైతే కిడ్నీకి ఏ దారీ మిగలదు. చేరిన రోజే మూడూ ఆపాలి. మెట్‌ఫార్మిన్ కూడా. కోలిస్టిన్ విషయంలో భయం తప్పుచోట ఉంది. కిడ్నీ బాగాలేదని మొదటి డోసు తగ్గిస్తారు. లోడింగ్ డోసు 90 లక్షల యూనిట్లు కిడ్నీతో సంబంధం లేకుండా ఇవ్వాల్సిందే. తగ్గించాల్సింది తర్వాతి డోసులు. అసలు కల్చర్ రిపోర్టు చూసి మూడో రోజుకు ఆపగలిగితే అదే పెద్ద చికిత్స. వాంకోమైసిన్, పైపెరాసిలిన్ జోడీ క్రియాటినిన్ పెంచుతుందని చాలా రాతలొచ్చాయి. 2023 నాటి ఎకార్న్ ట్రయల్‌లో పైపెరాసిలిన్ బదులు సెఫిపైమ్ ఇచ్చినా కిడ్నీకి ఒరిగిందేమీ లేదు, పైగా మతి తప్పడం ఎక్కువైంది.

అడ్డదారులు చాలానే వచ్చి పోయాయి. కిడ్నీ డోసు (చాలా తక్కువ మోతాదు) డోపమిన్ పనిచేయదని 2000 సంవత్సరంలోనే 328 మంది రోగుల ట్రయల్ తేల్చేసింది. ఇప్పటికీ ఎక్కడో ఒక సిరింజి పంపులో అది తిరుగుతూనే ఉంది. యాంజియోగ్రామ్ ముందు ఎసిటైల్‌సిస్టీన్, బైకార్బొనేట్: 2018 ప్రిజర్వ్ ట్రయల్‌లో రెండింటికీ ఫలితం సున్నా. హైడ్రాక్సీఎథైల్ స్టార్చ్ ద్రావణం కిడ్నీని చెడగొడుతుందని 2012లో తేలింది. కంప్యూటర్ అలారాలు పెడితే అన్నీ సర్దుకుంటాయన్న ఆశ మీద 2021లో అమెరికా ట్రయల్ నీళ్ళు చల్లింది. లాసిక్స్ మందుగా కిడ్నీని కాపాడదు గానీ పరీక్షగా బాగా పనికొస్తుంది: ఒంట్లో నీరు సరిపడా ఉన్న రోగికి కిలోకు 1 మి.గ్రా., అంతకుముందు లాసిక్స్ వాడి ఉంటే 1.5 ఇచ్చి, రెండు గంటల్లో 200 మి.లీ. రాకపోతే స్టేజీ 3కి పోయే అవకాశం ఎక్కువ. రిఫర్ చేయాలా వద్దా అన్న సందేహం ఉన్న చిన్న ఆస్పత్రికి ఇంతకన్నా చౌకైన జోస్యం లేదు.

డయాలసిస్ ఎప్పుడు? "తొందరగా పెడితే కిడ్నీకి విశ్రాంతి" అన్న నమ్మకం 2020లో స్టార్ట్-ఏకేఐ ట్రయల్‌తో పోయింది. సుమారు మూడు వేల మంది. తొందరగా పెట్టినా ఆగి చూసినా 90 రోజుల మరణాలు 44 శాతం దగ్గరే. ఆగి చూసినవాళ్ళలో మూడో వంతుకు పైగా మందికి డయాలసిస్ అవసరమే పడలేదు. తొందరపడ్డ గుంపులో బతికినవాళ్ళలో 90 రోజుల తర్వాత కూడా మెషిన్ మీదే ఉన్నవాళ్ళు 10.4 శాతం, ఆగిన గుంపులో 6. కాబట్టి పొటాషియం 6 దాటి మందులకు దిగకపోతే, పీహెచ్ 7.2 కన్నా పడిపోతే, ఊపిరితిత్తుల్లో నీరు చేరి లాసిక్స్‌కు లొంగకపోతే, అప్పుడు ఆలస్యం వద్దు. ఇవేవీ లేనప్పుడు క్రియాటినిన్ 5 అన్న అంకె ఒక్కటే కారణం కాదు.

ఇక్కడ ఒక యూనిట్ల ఉచ్చు ఉంది. ఫ్రెంచి ట్రయల్స్ ఆగడానికి హద్దుగా బీయూఎన్ 112 పెట్టాయి. 140 దాకా సాగదీస్తే మేలు లేకపోగా కీడు జరగొచ్చని 2021లో చూశారు. మన ల్యాబులు చాలావరకు ఇచ్చేది బ్లడ్ యూరియా. బీయూఎన్‌ను 2.14తో గుణిస్తే యూరియా. అంటే 112 మన కాగితం మీద 240, 140 అంటే 300. యూరియా 112 చూసి గాభరాపడి లైను వేసినవాళ్ళు ఆ ట్రయల్ చదివారు, యూనిట్ చదవలేదు.

సీఆర్‌ఆర్‌టీ (రాత్రింబవళ్ళు ఆగకుండా నడిచే డయాలసిస్) లేదని బెంగపడక్కర్లేదు. దాని కిట్లూ ద్రావణాలూ రోగి ఇంటిని తాకట్టు పెట్టిస్తాయి, మామూలు మెషిన్ మీద 6 నుంచి 12 గంటలు నెమ్మదిగా నడిపే స్లెడ్‌కన్నా ఎక్కువ ప్రాణాలు నిలిపిన దాఖలా లేదు. మెదడు వాపు ఉన్నవాళ్ళు మినహాయింపు. స్లెడ్‌లో తప్పేది బీపీ. రక్తప్రవాహం నిమిషానికి 150-200 దగ్గర, ద్రావణం ఉష్ణోగ్రత 35 డిగ్రీలు, సోడియం 145, గంటకు తీసే నీరు 200 మి.లీ. దగ్గర మొదలు. బీపీ పడిన ప్రతిసారీ కోలుకుంటున్న కిడ్నీకి కొత్త దెబ్బ తగులుతుంది. లైను కుడి మెడ నాళంలోకి, 15 సెం.మీ.; తొడలో అయితే 24 సెం.మీ. దాకా ఉన్నది. పొట్టిది తొడలో పెడితే అదే రక్తం చుట్టూ తిరుగుతుంది. కాలర్ ఎముక కింద వద్దు. ఆ నాళం సన్నబడితే రేపు ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతి నాళాలు కలిపే ఆపరేషన్‌కు) చేయి పనికిరాదు.

మన జిల్లాల్లో ఐసీయూ కథ ఒకే చోట ముగియదు. కుప్పం, పుంగనూరు, శ్రీకాళహస్తి నుంచి ఒక ఆస్పత్రి, అక్కడి నుంచి తిరుపతి స్విమ్స్‌కో రుయాకో, లేదా చిత్తూరు దాటి వేలూరుకో. ప్రతి మజిలీలో లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. రిఫరల్ చీటీలో "ఏకేఐ, ఫర్ డయాలసిస్" అన్న మూడు మాటల బదులు ఇవి ఉండాలి: చేరిన రోజు క్రియాటినిన్, తేదీ, టైముతో సహా ఆ తర్వాతివి, పాత రిపోర్టు ఉంటే అది, గత 24 గంటల మూత్రం గంటలవారీగా, మొత్తం ఎక్కించిన ద్రవం, ఇచ్చిన యాంటీబయాటిక్స్, కాంట్రాస్ట్ (స్కానింగ్ కోసం ఎక్కించే మందు), పెయిన్‌కిల్లర్లు, ఆఖరి పొటాషియం, పాముకాటైతే ఎన్ని వయల్స్, ఎన్నింటికి. చార్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపినా చాలు. ఫోలీ పెట్టి పంపితే బ్యాగు ఖాళీ చేసిన టైము గొట్టం మీద ప్లాస్టర్ అంటించి రాయాలి. 108లో గడిచిన గంటన్నర మూత్రం కూడా లెక్కలోకి వస్తుంది.

డిశ్చార్జి తర్వాతి సంగతి ఇంకా అన్యాయంగా ఉంది. ఏడు రోజులు దాటి తొంభై రోజుల లోపు నడిచే దశకు 2017లో ఏకేడీ (అక్యూట్ కిడ్నీ డిసీజ్) అని పేరు పెట్టారు. ఆ దశలో ఉన్న రోగి డిశ్చార్జి సమ్మరీలో సెప్సిస్, వెంటిలేటర్, ట్రాకియాస్టమీ అన్నీ ఉంటాయి, క్రియాటినిన్ ఎంతదాకా పోయిందో ఉండదు. ఇంటికి పోయేటప్పటి క్రియాటినిన్ 0.9 చూసి బాగుపడిందంటారు. నెల రోజులు మంచం మీద ఉన్న మనిషి కండ కరిగిపోయి ఉంటుంది కాబట్టి ఆ 0.9 కూడా అబద్ధమే. కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్ సి రక్తపరీక్ష చేయించగలిగితే నిజం తెలుస్తుంది.

మెషిన్ మీద ఉంటూనే డిశ్చార్జి అయినవాళ్ళది మరీ ఘోరం. ఏకేఐతో వచ్చిన మనిషి పథకం కింద వారానికి రెండు మూడు సార్ల స్లాటులో పడ్డాడంటే ఇక అతను "డయాలసిస్ పేషెంట్". కిడ్నీ లేస్తోందా అని అడిగేవాడు ఉండడు. టెక్నీషియన్‌కు తెలియదు, రోగికి చెప్పరు. అడగాల్సినవి పెద్దవి కావు. ప్రతి వారం, డయాలసిస్‌కు ముందు తీసిన యూరియా, క్రియాటినిన్ రాసిపెట్టాలి. రెండు సెషన్ల మధ్య పెరగాల్సినంత పెరగకపోతే కిడ్నీ పని మొదలుపెట్టినట్టు. వారానికోసారి 24 గంటల మూత్రం డబ్బాలో పట్టించి కొలవాలి. నీటిమాత్ర లేకుండా 400 మి.లీ. దాటుతుంటే సెషన్ దాటవేసి చూడవచ్చు. సెషన్‌లో బీపీ పడనివ్వకూడదు, పొడి బరువు (అదనపు నీరు లేని బరువు) కోసం పట్టుబట్టి నీరు పిండకూడదు. ఫిస్టులా ఆపరేషన్‌కు కనీసం మూడు నెలలు ఆగాలి. బయటపడినవాళ్ళకు మూడో నెలలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, బీపీ చూడాలి, ఆపిన టెల్మిసార్టాన్ మళ్ళీ మొదలుపెట్టాలా అన్నది ఆ రోజే తేల్చాలి. ఆ తేదీని సమ్మరీ మొదటి పేజీలో, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి, పెయిన్‌కిల్లర్ల పేర్లు నాలుగు దాని కిందే రాసి "ఇవి వేసుకోవద్దు" అని రోగి చేతికి ఇవ్వాలి. మందుల షాపులో చూపించేది ఆ కాగితమే.